పరుపు మీద నడక

అన్న పోయిన తర్వాత పరామర్శకు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. నిర్లక్ష్యం చేశాడని. కొందరు జాలిగా అన్నారు, కొందరు మందలింపుగా అన్నారు. జమ్మలమడుగు నుంచి వచ్చిన వదిన పుట్టింటి బంధువు ఒకాయన, షుగరున్న మనిషి కాలి విషయంలో అంత నిర్లక్ష్యంగా ఉంటే ఎట్లా అని నన్నే అడిగాడు. వదిన లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు వినిపించిందని నాకు తెలుసు. ఆయన లేచి వెళ్ళాక నన్ను పిలిచింది.

"నిర్లక్ష్యం చేసినామా మనం?"

లేదన్నాను. ఆ ఒక్క మాట ఆమెకు చాలలేదు. నాకూ చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మా అన్న చేసింది నిర్లక్ష్యం కాదు. దానికి వేరే పేరుంది. తెలుగులో ఎంత వెతికినా ఆ పేరు నాకు దొరకలేదు. ఇంగ్లీషులో ఉంది. దాన్ని మా ఇంటి గురించి మొదట వాడింది ఒక డాక్టరు.

ఆ మాట కాంప్లసెన్సీ. నేను పులివెందులలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయిన వాణ్ణి. పాఠంలో ఆ మాట వచ్చిన ప్రతి ఏడూ నాకు ఇబ్బందిగానే ఉండేది. నిఘంటువు ఆత్మసంతృప్తి అంటుంది. ఆ అర్థం చెప్పి వదిలేస్తే పిల్లలు దాన్ని మంచి గుణం అనుకుంటారు. సొంతవాక్యం రాయమంటే మా అమ్మ చాలా కాంప్లసెంట్ అని ప్రేమగా రాసినవాళ్ళున్నారు. ధీమా అనే మాట కొంచెం దగ్గరికి వస్తుంది. కానీ మన దగ్గర ఒక మనిషి ధీమాగా ఉన్నాడంటే అందులో సగం మెచ్చుకోలు ఉంటుంది. ఏమరుపాటు అందామంటే అది ఒక క్షణానిది. ఇది ఏళ్ళ తరబడి మనిషితో కాపురం చేయగలదు. అంతా సరిగా ఉంది, సరిగా ఉండటానికి కారణం నేనే, ఇక చూడవలసింది ఏమీ లేదు అనే తృప్తి అది. ఆ తృప్తి వల్ల ప్రమాదం కనిపించకుండా పోతుంది. ఇంత పొడుగ్గా చెబితే తప్ప అర్థం కాని మాటను పిల్లలు గుర్తుపెట్టుకోరు.

ఒక ఏడాది తరగతిలో చీనీ, అంటే బత్తాయి తోటలున్న ఇంటి పిల్లవాడొకడు లేచి, నీళ్ళు పడిన బోరు ఉన్నోని మొగం సార్ అన్నాడు. ఆ ఏడు వానల్లేవు. చుట్టుపక్కల బోర్లు ఒకటొకటిగా ఎండిపోతున్నాయి. వాడి పెదనాయన బోరులో మాత్రం నీళ్ళు వస్తున్నాయట. ఆయన గొప్పలేమీ చెప్పుకోడట. మోటారు గది మెట్టు మీద కూర్చుని పైపులోంచి పడే నీళ్ళను చూస్తుంటాడట. భూమి కింద నీళ్ళు అందరివీ ఒకటే కదా సార్, ఆ మాట ఆయన మొగానికి తెలియదు అన్నాడు ఆ పిల్లవాడు. అప్పట్నుంచి ఎప్పుడు ఆ పాఠం వచ్చినా నేను అదే ఉదాహరణ చెప్పాను. పిల్లలు నవ్వేవాళ్ళు, గుర్తుపెట్టుకునేవాళ్ళు.

ఆ మాట గురించి ఇంకొక సంగతి కూడా చెప్పేవాణ్ణి. దాన్ని ఇతరుల గురించి అనవచ్చు. మన గురించి మనం అనుకోవాలంటే, జరగవలసింది జరిగిపోయిన తర్వాతనే. అందులో ఉన్నంతసేపు, ఉన్నామని తెలియదు. తెలిస్తే అందులో లేనట్టే. దీన్ని తరగతిలో నేను ఒక వింత లాగా చెప్పేవాణ్ణి. అందులో భయపడవలసింది ఉందని అప్పుడు తోచలేదు.

రిటైరయ్యాక ప్రొద్దుటూరుకు వచ్చి అన్న ఇంటి మేడ మీద వాటాలో ఉంటున్నాను. కింద అన్న, వదిన, వాళ్ళ కొడుకు, కోడలు. మాది బట్టల అంగడి ఉన్న ఇల్లు. మా నాయన నుంచి అన్నకు వచ్చింది. ఇప్పటికీ పాత పద్ధతి అంగడి. గడప దాటగానే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపు, దాని మీద ఉతికిన తెల్లదుప్పటి. వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, పరుపు మీద కూర్చుని, ముందు పరిచిన చీరలు చూసుకుంటారు. పెద్ద రోడ్డులో చాలా అంగళ్ళు బల్లలకూ కుర్చీలకూ మారిపోయాయి. అన్న మార్చలేదు. పెళ్ళి చీర తీసుకునే వాళ్ళు నేల మీద కూర్చుని, ఒళ్ళో వేసుకుని చూసుకోవాలి అనేవాడు.

అన్నకు షుగరు వచ్చి చాలా కాలం అయింది. మందులు వేళకు వేసుకునేవాడు. అన్నం తగ్గించి కొర్రన్నం, రాగిసంగటి తినేవాడు. పెళ్ళిళ్ళలో లడ్డు ముందు పెడితే పక్కవాడి విస్తట్లో వేసేవాడు. పాదాల్లో స్పర్శ తగ్గిందని ఒక పరీక్షలో తేలింది. డాక్టరు మెత్తటి అడుగున్న చెప్పులు రాసిచ్చి, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవొద్దని చెప్పింది. చెప్పినట్టే ఆయన రెండు జతలు తెచ్చుకున్నాడు. ఒకటి ఇంట్లోకి, ఒకటి వీధిలోకి. స్నానాల గదికి కూడా రబ్బరు చెప్పులతో వెళ్ళేవాడు. దేవుని గది గడప దగ్గర విడిచి, లోపల వదిన వేసిన గొంగడి మీద నిలబడేవాడు. గుడికి వెళితే బయటి నుంచే దండం పెట్టుకుని వచ్చేవాడు. అందుకు ఆయన ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు. ఇలాంటి మనిషిని నిర్లక్ష్యం చేశాడంటే నేను ఒప్పుకోను. నిర్లక్ష్యం చేసేవాడికి తాను చేయవలసింది చేయడం లేదని ఎక్కడో ఒక మూల తెలుస్తూనే ఉంటుంది. మా అన్న అన్నీ చేశాడు.

ఒకరోజు పొద్దున వదిన ఆయన కాలికి కొబ్బరినూనె రాస్తూ ఆగిపోయింది. రెండో వేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి, మధ్యలో చిన్న నల్లచుక్క ఉంది. నొక్కితే తడి వచ్చింది. అన్నకు నొప్పి లేదు. "నొప్పే లేదంటాంటే ఎందుకట్లా చూస్తావు?" అన్నాడు. వదిన నన్ను పిలిచింది. నేను వంగి చూశాను. మంచి వాసన కాదు. ఆ వాసన ఆ తర్వాత నన్ను విడిచిపోలేదు.

ఎక్స్‌రేలో ఎముకల మధ్య సన్నటి తెల్లగీత కనిపించింది. విరిగిన గుండుసూది. చాలా రోజులుగా లోపలే ఉందని డాక్టరు చెప్పింది. చెప్పులు రాసిచ్చింది కూడా ఈమే, చిన్న వయసు మనిషి. కోస్తా నుంచి వచ్చిందని మాట తీరును బట్టి తెలిసేది. చెప్పులు లేకుండా ఎక్కడ నడిచారని అడిగింది. అన్న ఎక్కడా నడవలేదన్నాడు. ఆమె నమ్మలేదు. వదిన, స్నానానికి కూడా వేసుకుంటాడమ్మా అంది. నేను కూడా సాక్ష్యం చెప్పాను. ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం. మా ముగ్గురి గొంతులోనూ కొంచెం గర్వం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమె మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసి, పక్కనున్న చిన్న డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో, ఈ కుటుంబమంతా కాంప్లసెంట్ అంది.

బయటికి రాగానే అన్న నన్ను అడిగాడు. "ఏందప్పా, ఆయమ్మ మనల్ని ఏదో అనె?"

నేను దాచలేదు. మనకు అంతా తెలుసు, అంతా సరిగానే చేస్తున్నాం అనుకుని కళ్ళు మూసుకున్నామని అర్థం అన్నాను.

"సరిగానే చేస్తాండాం కదా మళ్ళ?"

నాకు కూడా ఆ మాటే సబబనిపించింది. ఆమె తొందరపడి అన్నదనుకున్నాను. వేలు తీసేశారు. మిగతా పాదం నిలుస్తుందా లేదా అన్నది మేము ఎంత జాగ్రత్తగా ఉంటామో దాని మీద ఉందని, ఇంకొక పుండు పడితే కాలికి హామీ లేదని, ప్రాణానికి కూడా చెప్పలేమని ఆమె స్పష్టంగా చెప్పింది. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నేను ఆ సూది గురించే ఆలోచించాను. ఇంట్లో చాపలెత్తి చూశాను. వీధి చెప్పుల అడుగులు తిప్పి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. ఆ సూది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి ఎక్కడి నుంచైనా రావచ్చు. ఇంట్లో నడవాలంటేనే నాకు భయం పట్టుకుంది.

అంగట్లో కొడుకు ఒక్కడే ఉన్నాడని మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకుని వెళ్ళాను. గడప దగ్గర చెప్పులు విడిచి, పరుపు మీద నడిచి, గల్లాపెట్టె దాకా వెళ్ళి క్యారియరు పెట్టాను. వెనక్కి తిరిగితే పక్కన గుమాస్తా రెడీమేడ్ చొక్కా మడత విప్పుతున్నాడు. కాలరు కింది గుండుసూది తీసి పక్కన పెట్టాడు. అది దుప్పటి మీద దొర్లి మడతలో పడింది. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. చెప్పులు లేవు. ఎప్పుడు విడిచానో గుర్తు లేదు. ఆ గడప దగ్గర చెప్పులు విడవడం మాకు తలుపు తీసినట్టు, ఊపిరి తీసుకున్నట్టు. మా నాయన కాలం నుంచి అంతే. అన్న రోజుకు పది పన్నెండు గంటలు ఆ పరుపు మీదే ఉంటాడు. లేస్తాడు, బీరువా దాకా నడుస్తాడు, వచ్చి కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. ఊరంతటిలో గుండుసూదులు ఎక్కువగా రాలే చోటు అదే. చెప్పులు లేకుండా ఎక్కడ నడిచారని అడిగితే ముగ్గురం ఎక్కడా లేదన్నాం. మేము అబద్ధం చెప్పలేదు. మాకు పరుపు నేల కాదు.

పరుపు అంచు దాకా రావడానికి, ఒక్కొక్క అడుగు చేత్తో తడిమి చూసుకుని వేశాను. గుమాస్తా నన్ను వింతగా చూశాడు.

ఆస్పత్రికి వెళ్ళి అన్నకు చెప్పాను. ఆయన మొదట నవ్వాడు.

"పరుపు మీద నడిస్తే నడిచినట్లా? రేపు మంచం మీద గూడా చెప్పులేసుకోమంటావు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కట్టు కట్టిన పాదం వైపు చూశాడు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరుకు చెబితే ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పరుపు అంటే ఏమిటో, ఎంత పెద్దదో అడిగి తెలుసుకుంది. అక్కడ కూడా చెప్పులు వేసుకోవాలంది.

అన్న అది చేయలేకపోయాడు. తాళిబొట్టు కట్టే పూట కట్టుకునే చీరను పరిచే చోట తాను చెప్పులతో తిరగడమా అన్నాడు. కుర్చీలు వేద్దామని కొడుకు అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. ఈ తగవు చాలా రోజులు నడిచింది. నాకు అన్న మీద కోపం రాలేదు. దేవుని గదిలో చెప్పులు వేసుకోమంటే నేను మాత్రం వేసుకోగలనా? చివరికి వదిన దారి వెతికింది. దర్జీతో తెల్లటి మందపు గుడ్డతో బూట్ల లాంటివి కుట్టించింది. అడుగున మెత్తటి స్పాంజి, దాని కింద గట్టి రెగ్జిను. అవి వీధి తొక్కవు, ఇంటికి రావు. అంగట్లోనే ఉంటాయి. గుడ్డే కాబట్టి అన్న ఒప్పుకున్నాడు. ఆయన మళ్ళీ అంగట్లో కూర్చున్న రోజు, తొండూరు వైపు నుంచి ఏళ్ళుగా వచ్చే ముసలి రైతు ఒకాయన ఆ బూట్లు చూసి, "ఏంది శెట్టీ, పెండ్లికొడుకు మాదిరి తెల్లబూట్లేసినావే" అన్నాడు.

"మావోళ్ళు నాకు రెండో పెండ్లి చేస్తాండారు. చీర నా అంగట్లోనే కొనాలంట" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ బూట్ల చుట్టూ దుప్పటి మీద వెతుకుతున్నాను.

పరుపును వెతకడం నా పనిగా పెట్టుకున్నాను. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి, అంగడి తెరవగానే మోకాళ్ళ మీద కూర్చుని పరుపంతా దాన్ని తిప్పేవాణ్ణి. సూది అంటుకున్నప్పుడు చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటే గుండె జారిపోయేది. కానీ ఏ సూదీ దొరకని రోజులు అంతకంటే భయంగా ఉండేవి. నిజంగా లేదా, నేను చూడలేదా అన్నది తేలేది కాదు. మళ్ళీ మొదటి నుంచి తిప్పేవాణ్ణి. గుమాస్తాలు పక్కకు తిరిగి నవ్వుకునేవాళ్ళు. బస్సులో, హోటల్లో, పెళ్ళిళ్ళలో మనుషుల పాదాలనే చూసేవాణ్ణి. కింది వాటాలో ఏ చిన్న చప్పుడయినా మెట్ల మీదికి వచ్చి చెవి ఒగ్గేవాణ్ణి. అన్న పాదం చూడకుండా నేను కాఫీ తాగిన పొద్దు లేదు.

పుండు మానింది. చర్మం గట్టిపడింది. డాక్టరు చూసి చాలా బాగుందని, ఇంత జాగ్రత్తగా ఉండే రోగులు అరుదని మెచ్చుకుంది. ఆ రోజు అన్న అంగడికి వచ్చినవాళ్ళకంతా ఆ సంగతి చెప్పాడు. ఆ తర్వాత అది అలవాటయింది. షుగరున్న గిరాకీ ఎవరు వచ్చినా, చీరలు పక్కన పెట్టి వాళ్ళ కాళ్ళు చూసేవాడు. చెప్పులోకి చెయ్యి పెట్టి చూసుకుని తొడగాలప్పా, రాయో రప్పో ఉంటాది అని నేర్పేవాడు. వాళ్ళు శ్రద్ధగా వినేవాళ్ళు. తన బూట్లు ముందుకు చాపి చూపించేవాడు. మా ఇంట్లో అందరం ఆయన్ని చూసి సంతోషపడ్డాం. వదిన మళ్ళీ పాటలు కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. కొడుకు కుర్చీల మాట ఎత్తడం మానేశాడు. ఒకసారి అన్న పాదం చాపి ఎవరికో చెబుతుండగా నేను ఆయన ముఖం చూశాను. పులివెందుల పిల్లవాడు చెప్పిన ముఖం అది. మోటారు గది మెట్టు మీద కూర్చున్న మనిషి ముఖం.

నాకు చెప్పలేనంత భయం వేసింది. కానీ దేనికి భయపడాలో తెలియలేదు. పరుపు చూస్తున్నాం. పాదం చూస్తున్నాం. వీధి చెప్పులు, ఇంటి చెప్పులు తొడగబోయే ముందు చెయ్యి పెట్టి చూస్తున్నాం. ఎక్కడా ఖాళీ లేదు. తన కాలు క్షేమంగా ఉందని సంతోషిస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళి, నీ సంతోషం చూస్తే నాకు భయంగా ఉంది అని ఏ కారణమూ చూపించకుండా ఎట్లా చెప్పాలి? అయినా చెప్పాను. అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు శానా చదివినావబ్బీ. అందుకే నీకు యాడ చూసినా సూదులే కనపడతాండాయి."

దసరా ముందు అంగడి కిటకిటలాడే రోజులవి. ప్రొద్దుటూరులో దసరా అంటే బట్టల అంగళ్ళకు ఊపిరాడదు. అన్న పొద్దున కూర్చుంటే భోజనానికి కూడా ఇంటికి వచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం ఆయనకు చలి పట్టింది. జనంలో ఉక్కకు అట్లా అయిందనుకుని ఇంటికి వచ్చి పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. వదిన పాదం చూసింది. మడమ పక్కన గుండ్రటి గుంట, చుట్టూ ఎర్రటి మచ్చ, ఆ ఎరుపు చీలమండ దాటి పైకి పోతోంది. పొద్దున నేను చూసినప్పుడు ఏమీ లేదు.

కొడుకు అంగడికి పరుగెత్తి తెల్లబూట్లు తెచ్చాడు. ఒకదాన్ని బోర్లించి కొడితే చొక్కా గుండీ ఒకటి కింద పడింది. పగలంతా ఆయన దాని మీదే నడిచాడు. లోపలి గుడ్డ తడిసి ఉంది. మేమందరం ఆ గుండీని చూస్తూ నిలబడ్డాం. వీధిలో, ఇంట్లో వేసుకునే ప్రతి చెప్పులోనూ చెయ్యి పెట్టి చూశాం. ఆ బూట్లలో ఎవరమూ ఏనాడూ చూడలేదు. అవి వీధి తొక్కవు. అవి పరుపు మీదే ఉంటాయి. మా లెక్కలో అవి కూడా పరుపే.

ప్రొద్దుటూరు ఆస్పత్రి నుంచి తిరుపతికి పంపారు. కారులో అన్న తల నా ఒళ్ళో ఉంది. ఆయన నోరు ఎండిపోతోంది. ఎంతకూ దారి తరగలేదు. అక్కడ చూసినవాళ్ళు మోకాలి కింద కాలు తీసేయాలన్నారు, తీసినా ప్రాణం దక్కుతుందని చెప్పలేమన్నారు. నేను అన్న వాదిస్తాడనుకున్నాను. దసరా పోనీయండి అంటాడనుకున్నాను. ఆయన ఒక్కసారే తల ఊపాడు. వదినను దగ్గరికి పిలిచి, కొడుకును జాగ్రత్తగా చూసుకోమన్నట్టు ఏదో చెప్పాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా. మా నాయన పోయినప్పుడు కూడా ఆయన అట్లా పట్టుకోలేదు.

"ఆ మేడమ్ అన్న మాట నాకు ఇప్పుడు గూడా వర్తిస్తాదా?"

"లేదన్నా."

"ఎందుకు?"

"నువ్వు భయపడతాండావు కదా. భయం ఉన్నోళ్ళకు అది వర్తించదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "శానా భయమయితాంది" అన్నాడు. నా చెయ్యి విడవలేదు. స్ట్రెచరు కదిలేటప్పుడు నర్సు ఆ వేళ్ళు విడదీయవలసి వచ్చింది.

కాలు తీశారు. విషం అప్పటికే ఒళ్ళంతా పాకింది. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

వదినకు నేను ఇవ్వలేకపోయిన జవాబు ఇదీ. మేము చూడవలసినవన్నీ చూశాం. చూడవలసినవి ఏవన్నది కూడా మేమే నిర్ణయించుకున్నాం. అక్కడే ఉంది అంతా. ఇది తప్పు అంటే తప్పు. కానీ నిర్లక్ష్యం అనే మాటలో ప్రేమ లేదు. మా ఇంట్లో ప్రేమకు ఏనాడూ కొరత లేదు.

కర్మ అయిన తర్వాత అన్న కొడుకు అంగడి తెరిచాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే పరుపు తీయించి, బల్లలు, కుర్చీలు వేయించాడు. నున్నటి రాళ్ళ నేల. ఏది పడినా కనిపిస్తుంది. వాడికి ముప్పై దాటాయి, వాళ్ళ నాయన ఒళ్ళే. ఒకసారి షుగరు పరీక్ష చేయించుకోమని అడిగాను. బాగానే ఉండా చిన్నాయనా అన్నాడు. మళ్ళీ అడిగాను. వదిన చేత అడిగించాను. విసుక్కుంటూనే నాతో ల్యాబుకు వచ్చాడు.

రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. వాడు ఫోను చూసుకుంటున్నాడు. నేను గోడ వైపు చూస్తున్నాను. ల్యాబులోని అమ్మాయి ఎవరి పేరు పిలిచినా ఉలిక్కిపడుతున్నాను. చివరికి మా కాగితం ఇచ్చింది. వాడి చేతిలోంచి తీసుకుని నేనే చదివాను. అన్నీ మామూలుగా ఉన్నాయి. మళ్ళీ చదివాను. నా ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. ఏడుపు వచ్చినంత పనయింది.

"చూసినావా చిన్నాయనా? నాకేం లేదు" అన్నాడు వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బెంచీకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపాడు. ఎన్నో రోజుల తర్వాత వాడి ముఖం తేటగా ఉంది.

నాకూ సంతోషంగానే ఉంది. ఆ సంతోషం ఎంత హాయిగా ఉందో గమనించి భయపడ్డాను. ఆరు నెలలకు మళ్ళీ రావాలి అన్నాను. ఎందుకని వాడు అడిగాడు. వస్తావా రావా చెప్పు అన్నాను. నా గొంతు పెద్దదయినట్టుంది, ల్యాబులో ఉన్నవాళ్ళు తల తిప్పి చూశారు. వాడు కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు.